ఇంటి కావలి

పాఠ్యభాగ ఉద్దేశం

పాత ఇళ్ళలోని ఫ్యూజు బోర్డును మార్చవలసి వచ్చినప్పుడు ఏమి చూచి కొనాలో, ఎందుకు అలా చూడాలో విద్యార్థులకు తెలియజేయటం, నిత్యజీవితంలోని శాస్త్ర విషయాన్ని తెలుగులో స్పష్టంగా చెప్పుకొనే అలవాటును పెంపొందించటం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఒకదానికొకటి చేరువగా ఉన్న పట్టణాలు ఆదోని, ఎమ్మిగనూరు. ఆదోనికి పత్తి వ్యాపారం వల్ల, ఎమ్మిగనూరుకు చేనేత వల్ల పేరు వచ్చింది. మాచాని సోమప్ప గారి పూనికతో 1938లో వెలసిన నేతకారుల సహకార సంఘం ఎమ్మిగనూరు ఖ్యాతిని దూరప్రాంతాలకు చేర్చింది. ఈ రెండు ఊళ్ళ పాత వీధులలో మందపాటి గోడల మట్టిమిద్దెలు, వాటి పక్కనే ఇటీవలి కాంక్రీటు ఇళ్ళు కనిపిస్తాయి. పాత ఇంటి గడప దాటి లోపల అడుగుపెడితే, తలకంటే కొంచెం ఎత్తున గోడకు బిగించిన చెక్కపలక ఒకటి తరచుగా కంటబడుతుంది. దానిమీద కరెంటు మీటరు, ఇనుప మెయిన్ స్విచ్చి, రెండు తెల్లని పింగాణీ ఫ్యూజులు ఉంటాయి.

ఆ ఇల్లు కట్టిన నాడు నాలుగు బల్బులకు, ఒక ఫ్యానుకు ఆ ఏర్పాటు చాలింది. నేడు అదే పలక మీదుగా కూలరుకు, ఫ్రిజ్‌కు, మిక్సీకి, ఇస్త్రీపెట్టెకు, నీటి మోటారుకు విద్యుత్తు సాగవలసి వస్తున్నది. కొన్ని నేత ఇళ్ళలో నూలు చుట్టే రాట్నానికి కూడా చిన్న మోటారు బిగించుకున్నారు. భారం పెరిగింది, కావలి మాత్రం పాతదే మిగిలింది.

మా ఇల్లు ఆదోనిలో అటువంటిదే. రెండు గదులు, ఒక వంటిల్లు, పెరటిలో బోరు మోటారు. ఒక వేసవి రాత్రి కూలరు తిరుగుతుండగా మా అమ్మగారు నన్ను లేపి, "ఏదో కమురు వాసన వస్తున్నది, చూడు నాయనా" అన్నారు. వాసన వస్తున్నది ఆ చెక్కపలక నుంచే. మెయిన్ ఆపి, ఫ్యూజు బయటకు లాగి చూశాను. సన్నని ఫ్యూజు తీగ ఉండవలసిన చోట మెలివేసిన నాలుగు రాగిపోగులు ఉన్నాయి. వాటిని చుట్టినది మరెవరో కాదు, నేనే. అంతకుముందటి సంవత్సరం ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని విసిగి, "ఇక పోదు" అనుకొని కట్టాను. నిజంగానే అది పోలేదు. దానికి బదులు గోడలోని తీగ మాడసాగింది.

ఆ రాత్రి నాకు ఒక విషయం తెలిసివచ్చింది. ఫ్యూజు పోవటం దాని లోపం కాదు, అది చేయవలసిన పనే అది. తీగలో విద్యుత్తు ప్రవహించినప్పుడు వేడి పుడుతుంది. ఈ వేడి ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని 19వ శతాబ్దంలో జౌల్ నిరూపించాడు. అంటే ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు, మూడింతలైతే తొమ్మిది రెట్లు అవుతుంది. గోడలోని తీగ పైపొర కరగకముందే, అందరికీ కనబడే చోట ఒక బలహీనమైన తీగ ముందుగా కరిగి ప్రవాహాన్ని ఆపాలి. ఆ ఉద్దేశంతో బుద్ధిపూర్వకంగా ఏర్పరచిన బలహీనతే ఫ్యూజు. దానిని బలపరచటమంటే కావలివానికి మత్తుమందు పెట్టటమే.

పాత ఫ్యూజుల స్థానంలో నేడు వాడుతున్నవి ఎం.సి.బి. అనే చిన్న స్వయంచాలక స్విచ్చులు. వీటిలో రెండు రక్షణలు ఉన్నాయి. మొదటిది, రెండు లోహాలను కలిపి అతికిన పట్టీ. ప్రవాహం హద్దుమీరి కొంతసేపు సాగితే ఆ పట్టీ వేడెక్కి వంగి స్విచ్చిని పడవేస్తుంది. రెండవది, ఒక విద్యుదయస్కాంతం. రెండు తీగలు నేరుగా తాకి షార్ట్ సర్క్యూట్ ఏర్పడితే అది లిప్తకాలంలో స్విచ్చిని లాగివేస్తుంది. దోషం తొలగించిన తరువాత మీటను పైకి ఎత్తితే చాలు. రాగిపోగులు చుట్టటానికి ఇందులో తావు లేదు. అయితే మనిషి తలచుకుంటే దీనిని కూడా నిరర్థకం చేయగలడు. అదెలాగో చూద్దాం.

ఎం.సి.బి. మీద 6, 10, 16, 20, 32 వంటి అంకెలు ఉంటాయి. ఎన్ని ఆంపియర్ల వరకు అది ప్రవాహాన్ని నిరంతరం సాగనిస్తుందో ఆ అంకె తెలుపుతుంది. పెద్ద అంకె ఉన్నది మేలైనదని చాలామంది భ్రమపడతారు. మాటిమాటికీ పడిపోతున్న 10 ఆంపియర్లదాన్ని తీసివేసి 32 ఆంపియర్లది పెట్టించుకుంటారు. ఇది నేను నాలుగు పోగులు చుట్టటం వంటిదే. ఎం.సి.బి.ని ఎంచుకోవలసింది దాని వెనుక ఉన్న తీగను బట్టి. ఆ తీగ ఎంత ప్రవాహాన్ని ప్రమాదం లేకుండా భరించగలదో దానికి మించిన అంకె పనికిరాదు. సాధారణంగా దీపాలకు, ఫ్యానులకు వేసే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగకు 6 లేదా 10 ఆంపియర్లది, ప్లగ్గులకు వేసే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు 16 ఆంపియర్లది, ఏ.సి., గీజరు వంటి వాటికి వేసే 4 చదరపు మిల్లీమీటర్ల తీగకు 20 ఆంపియర్లది చాలును.

లెక్క తెలిస్తే ఈ అంకెలకు భయపడనక్కరలేదు. మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులు. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె సుమారు 4.3 ఆంపియర్లు, 2000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటాయి. మోటారు సంగతి వేరు. అది మొదలయ్యే క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్లు లాగి, తరువాత నెమ్మదిస్తుంది. ఈ తేడాను గుర్తించటానికి ఎం.సి.బి.లలో 'బి', 'సి' అనే రకాలు ఏర్పరచారు. 'బి' రకం తన అంకెకు మూడు నుంచి అయిదు రెట్ల ప్రవాహంలో, 'సి' రకం అయిదు నుంచి పది రెట్ల ప్రవాహంలో తక్షణమే పడిపోతుంది. దీపాలకు 'బి', మోటారు ఉన్న దారికి 'సి' తగినవి.

ఇంతవరకు తీగను కాపాడే విషయం చెప్పుకొన్నాం. ఇక మనిషిని కాపాడే విషయానికి వద్దాం. ఈ రెండూ ఒకటే అనుకోవటం వల్లనే చాలా ఇళ్ళలో ప్రాణాపాయం పొంచి ఉన్నది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జియల్ మానవదేహంపై విద్యుత్తు ప్రభావాన్ని దీర్ఘకాలం పరిశోధించాడు. సగటున పురుషునికి 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీకి 10.5 మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న వస్తువును వదలలేని స్థితి ఏర్పడుతుందని ఆయన తేల్చాడు. మిల్లీ ఆంపియరు అంటే ఆంపియరులో వెయ్యవ వంతు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. 16 మిల్లీ ఆంపియర్లను పట్టించుకోదు. దాని లెక్కలో అది ఒక చిన్న బల్బు వెలిగినంత కూడా కాదు. మనిషి ప్రాణం పోతున్నా ఆ స్విచ్చి నిశ్చలంగా నిలిచి ఉంటుంది.

మనిషిని కాపాడే సాధనం ఆర్.సి.సి.బి. దీని సూత్రం ఒక నిజాయితీ గల లెక్క వంటిది. ఫేజు తీగ గుండా ఇంట్లోకి వెళ్ళిన ప్రవాహమంతా న్యూట్రల్ తీగ గుండా తిరిగి రావాలి. వెళ్ళినదీ వచ్చినదీ సమానమైతే లోపల దోషం లేదు. తక్కువ వచ్చిందంటే ఎక్కడో దారి తప్పి నేలలోకి పోతున్నదని అర్థం. ఆ నేలకు పోయే దారి తడిసిన గోడ కావచ్చు, మోటారు ఇనుప తొడుగు కావచ్చు, మనిషి దేహమూ కావచ్చు. ఈ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోగా, చేరగానే అది ఇంటి ప్రవాహాన్ని ఆపివేస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల వద్ద సెకనులో మూడు పదవ వంతుల లోపల, దానికి అయిదింతల ప్రవాహం వద్ద సెకనులో నాలుగు వందవ వంతుల లోపల ఆపాలని ప్రమాణం నిర్దేశిస్తున్నది. షాక్ అసలే తగలదని దీని అర్థం కాదు. తగిలినా, గుండె లయ తప్పేంత వ్యవధి దానికి ఇవ్వదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ వెలువరించిన భద్రతా నిబంధనలు గృహాలకు ఈ 30 మిల్లీ ఆంపియర్ల పరిమితినే పేర్కొన్నాయి.

"మా ఇంటికి ఎర్త్ ఉన్నది కదా, ఇది ఎందుకు?" అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నకు జవాబు మన నేలలోనే ఉన్నది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం వానలు తక్కువగా పడే సీమ. నల్లరేగడి భూములు వానకు ఉబ్బుతాయి, ఎండకు కుంచించుకొని నెర్రెలు బారుతాయి. తేమ ఆరిన నేల విద్యుత్తును సరిగా పోనివ్వదు. నెర్రె విడిచిన చోట ఎర్త్ గొట్టానికి, మట్టికి మధ్య పట్టు కూడా సడలుతుంది. వేసవిలో ఒక ఇంటి ఎర్త్ నిరోధం 25 ఓములకు చేరిందనుకుందాం. ఫ్రిజ్ లోపల ఫేజు తీగ ఊడి ఇనుప తలుపును తాకింది. అప్పుడు నేలలోకి పోయే ప్రవాహం 230ని 25తో భాగించగా వచ్చిన సుమారు 9 ఆంపియర్లు మాత్రమే. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి అది లోపలి లెక్కే. కనుక అది పడదు; ఫ్రిజ్ తలుపు దాదాపు పూర్తి వోల్టేజితో మనిషి చేతికోసం ఎదురుచూస్తూ ఉంటుంది. తడిచేతితో తలుపు తీసిన దేహపు నిరోధం 1500 ఓములైతే సుమారు 150 మిల్లీ ఆంపియర్లు ఆ దేహం గుండా పోతాయి. ఆర్.సి.సి.బి. ఉన్న ఇంట్లో ఈ కథ మొదటి క్షణంలోనే ముగుస్తుంది. తీగ ఇనుమును తాకగానే, ఎవరూ తలుపు ముట్టకముందే కరెంటు పోతుంది.

ఎమ్మిగనూరు నేత ఇళ్ళకు ఈ మాట మరింత వర్తిస్తుంది. గుంట మగ్గం మీద నేసేవారు కాళ్ళను నేలలో తవ్విన గుంటలో ఉంచి తొక్కుడు కర్రలను తొక్కుతుంటారు. వారి పాదాలకు, భూమికి మధ్య చెప్పు కూడా ఉండదు. పక్కనే వేలాడే దీపపు తీగ, చేరువలోని రాట్నపు మోటారు ఏ కొంచెం దోషంతో ఉన్నా, నేలకు చేరే దారిగా ఆ దేహం సిద్ధంగా ఉన్నట్లే. ఆ ఇంటికి ఈ సాధనం భోగవస్తువు కాదు. మగ్గంతో సమానంగా అవసరమైనది.

ఇప్పుడు కొనవలసిన పెట్టె సంగతి. దీనిని వాడుకలో డి.బి. బాక్సు అంటారు. మొదట ఇంట్లోని దారులను లెక్కించాలి. దీపాలు, ఫ్యానులకు రెండు, ప్లగ్గులకు ఒకటి, వంటింటికి ఒకటి, మోటారుకు ఒకటి, కూలరుకు లేదా ఏ.సి.కి ఒకటి చొప్పున చిన్న ఇంటికి ఆరు దారులు వస్తాయి. మెయిన్ స్విచ్చికి, ఆర్.సి.సి.బి.కి కావలసిన స్థలం పోగా కనీసం ఎనిమిది దారులకు చోటున్న పెట్టె తీసుకోవాలి. మిగిలిన రెండూ రేపటి అవసరాలకు ఉంటాయి. పెట్టె లోహంతో చేసినదైతే దానికీ ఎర్త్ తీగ కలపాలి. చెక్కపలక మీద మాత్రం మళ్ళీ బిగించకూడదు.

మెయిన్ స్విచ్చి ఫేజును, న్యూట్రల్‌ను ఒకేసారి తెంచేది కావాలి. పాత పలకల మీద న్యూట్రల్‌కు కూడా ఒక ఫ్యూజు ఉండేది. అది ఒక్కటే కరిగినప్పుడు దీపాలు ఆరిపోయేవి కానీ ఫేజు తీగ సజీవంగానే ఉండేది. కరెంటు లేదనుకొని చేయి పెట్టినవారు మోసపోయేవారు. ఇక ఆర్.సి.సి.బి.కి రెండు అంకెలు ఉంటాయి. మెయిన్ ఎం.సి.బి. 32 ఆంపియర్లదైతే ఇది 40 ఆంపియర్లది ఉండటం మంచిది; స్రావపు హద్దు మాత్రం 30 మిల్లీ ఆంపియర్లకు మించరాదు. 100, 300 అని రాసి ఉన్నవి మనుషుల రక్షణకు తగినవి కావు. ఎలక్ట్రానిక్ పరికరాలు పెరిగిన నేటి ఇళ్ళకు 'ఏ.సి.' రకంకంటే 'ఏ' రకం మేలు. అన్నింటిపైనా ఐ.ఎస్.ఐ. గుర్తు, ఎం.సి.బి. మీద 60898, ఆర్.సి.సి.బి. మీద 12640 అనే ప్రమాణ సంఖ్యలు ఉన్నాయో లేదో కళ్ళారా చూడాలి.

ఇన్వర్టరు ఉన్న ఇళ్ళవారు మరొక సంగతి మరువరాదు. మెయిన్ ఆపినా ఇన్వర్టరుకు కలిపిన దారులలో విద్యుత్తు ఉంటుంది. ఆ దారులకు ప్రత్యేక రక్షణ ఏర్పరచి, పెట్టె మీద ఆ మాట తెలుగులో రాసి అంటించాలి.

పెట్టె మార్చటం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయవలసిన పని. మీటరు వరకు ఉన్న తీగలు, సీళ్ళు పంపిణీ సంస్థవి. 2014 నుంచి కర్నూలు జిల్లా, తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలో ఉన్నది. సరఫరాను వారి సిబ్బంది చేత ఆపించిన తరువాతనే పని మొదలుపెట్టాలి.

మా ఇంట్లో కొత్త పెట్టె అమర్చిన తరువాత రెండు నెలలు ఏ ఇబ్బందీ కలగలేదు. తొలి వానలు పడిన వారం నుంచి ఆర్.సి.సి.బి. పడిపోవటం మొదలైంది. రోజుకు నాలుగుసార్లు ఇల్లంతా చీకటి. చూడవచ్చిన పనివాడు, "సార్, ఇది ఇలాగే సతాయిస్తుంది. దీన్ని తప్పించి నేరుగా కలిపేస్తాను, గొడవ ఉండదు" అన్నాడు. రాగిపోగులు చుట్టిన నాటి నా విసుగు నాకు గుర్తుకు వచ్చింది. వద్దన్నాను. అన్ని ఎం.సి.బి.లను కిందికి దించి, ఒక్కొక్కదాన్నే ఎత్తి చూడమన్నాను. అయిదింటి దాకా ఏమీ కాలేదు. మోటారు దారిని ఎత్తగానే పెద్ద స్విచ్చి పడింది. ఆ తీగ వెంట వెతుక్కుంటూ పోతే పెరటి గోడ దగ్గర తేలింది. దండెం కట్టటానికి ఎన్నడో కొట్టిన మేకు గోడలోని తీగ పైపొరను చీల్చింది. మిద్దె నుంచి కారిన నీటికి గోడ నానగానే విద్యుత్తు ఆ మేకుకు చేరుతున్నది. ఆ మేకుకు కట్టినది ఇనుప దండెం. దానిమీద ప్రతి ఉదయం తడిబట్టలు ఆరవేసేది మా అమ్మగారు.

ఎన్ని వానాకాలాలుగా ఆ ప్రమాదం ఆ గోడలో పొంచి ఉన్నదో ఎవరికి తెలుసు? పాత ఫ్యూజులు ఒక్కనాడూ ఆ మాట చెప్పలేదు. కొత్త కావలి చెప్పింది, మేమే దాన్ని గొడవ అనుకున్నాం. తీగ మార్చి, ఇనుప దండెం స్థానంలో నైలాను తాడు కట్టిన తరువాత ఆ స్విచ్చి మళ్ళీ పడలేదు.

ఈ సాధనానికి కూడా హద్దులున్నాయి. ఒక చేతితో ఫేజును, మరొక చేతితో న్యూట్రల్‌ను పట్టుకున్నవాణ్ణి ఇది గుర్తించలేదు. వెళ్ళినదీ వచ్చినదీ సమానమే కనుక. అధిక భారాన్ని ఇది ఆపదు, అది ఎం.సి.బి. పని. అందుచేత రెండూ ఉండవలసిందే. దానిమీద ఉన్న 'టెస్ట్' మీటను నెలకొకసారి నొక్కి చూడాలి. నొక్కగానే పడకపోతే వెంటనే మార్చాలి. వేసవిలో ఎర్త్ గుంటకు నీళ్ళు పోయటం మరువరాదు.

విద్యార్థులారా! ఈ రోజు ఇంటికి వెళ్ళగానే మీ ఇంటి బోర్డు ముందు ఒక్క నిమిషం నిలబడండి. దేనినీ విప్పవద్దు, తాకవద్దు, చూడండి చాలు. ఫ్యూజులున్నాయా, ఎం.సి.బి.లున్నాయా? 30 మిల్లీ ఆంపియర్ల సాధనం ఉన్నదా? ఉంటే దానిని ఎవరైనా తప్పించి కలిపారా? ఈ మూడు ప్రశ్నలు మీ పెద్దలను అడగండి. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు. కావలివాడు కేక వేసినప్పుడు వాని నోరు నొక్కకుండా, ఎందుకు కేక వేశాడో విచారించే ఇల్లే సురక్షితమైన ఇల్లు.

కఠిన పదాలకు అర్థాలు

పూనిక = ప్రయత్నం, పట్టుదల
అనులోమానుపాతం = ఒకటి పెరిగిన కొద్దీ రెండవది కూడా అదే నిష్పత్తిలో పెరగటం
లిప్తకాలం = రెప్పపాటు కాలం
నిరర్థకం = ప్రయోజనం లేనిది
స్రావం = కారిపోవటం; ఇక్కడ విద్యుత్తు దారితప్పి నేలకు పోవటం
నిరోధం = అడ్డగించే గుణం
నెర్రె = ఎండకు నేల విచ్చిన పగులు
దండెం = బట్టలు ఆరవేసే తాడు లేదా తీగ

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. తీగను కాపాడే సాధనానికి, మనిషిని కాపాడే సాధనానికి గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు నేల, ఇళ్ళ స్వభావం విద్యుత్ రక్షణతో ఎలా ముడిపడి ఉన్నాయో విశదీకరించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.

1. ఎం.సి.బి. అంకెను దేనిని బట్టి నిర్ణయించాలి? ఎందుకు?
2. వానాకాలంలో రచయిత ఇంటి ఆర్.సి.సి.బి. పడిపోవటానికి కారణమేమి?
3. ఆర్.సి.సి.బి.కి గల హద్దులేవి?

ఇ) ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.

1. 2000 వాట్ల గీజరు సుమారు ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుంది?
2. ఎమ్మిగనూరు నేతకారుల సహకార సంఘం ఏ సంవత్సరంలో ఏర్పడింది?
3. 'టెస్ట్' మీటను ఎంత కాలానికి ఒకసారి నొక్కి చూడాలి?